చర్మవ్యాధులు: పాతపేర్లు, పచ్చిమందులు

(గుండ్లపోచంపల్లి గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ శుభసమయమున నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను కొంత జంకితిని. నేను పండితుడను గాను. వైద్యుడను అంతకంటె గాను. ఊరి లెక్కలు వ్రాసికొని బ్రదుకువాడను. నాకు వచ్చిన నాలుగక్షరములు ఏ కళాశాలలోను నేర్చినవి కావు. సాయంకాలము దస్త్రము కట్టివేసిన పిమ్మట ఈ గ్రంథాలయపు బల్లలయొద్ద కూర్చుండి, తెలియని మాటకు నిఘంటువును తిరుగవేయుచు, తెలిసిన మాటను మఱల మఱల చదువుచు నేర్చినవి. కావున నా మాటలలో దోషములున్నచో అవి నావి. గుణమేమైన నున్నచో అది ఈ ఇంటిది.

నేడు నేనెత్తికొన్న విషయము కొందఱికి రోతగా తోపవచ్చును. పండుగనాడు గజ్జి, తామరల ప్రసక్తి యేలయని మీరడుగవచ్చును. దానికి కారణము చెప్పెదను. మా తండ్రిగారు పట్వారీగా నుండిరి. ఆ పదవులు 1984లో రద్దైన తరువాత మా యింట మిగిలినవి కొన్ని కాగితపు కట్టలు మాత్రమే. వానిలో ఒక పుస్తకమున వెనుక పుటలు ఖాళీగా నుండగా, ఆయన తన చేతివ్రాతతో వ్యాధుల పేర్లు, వాని యెదుట ఆకుల పేర్లు వ్రాసిపెట్టిరి. తామర, చిడుము, శోభి, సర్పి, బొల్లి, పులిపిరి, గోరుచుట్టు, పేనుకొఱుకుడు, నారికురుపు, సెగ్గడ్డ, చెమటకాయ, ఆనెకాయ, ఇట్లు ఒక పుట నిండుగా నున్నవి. భూమికి సర్వే నంబరున్నట్లు ఒంటిమీది ప్రతి మచ్చకు ఒక పేరున్నది.

ఈ పేర్లు నేడు పోవుచున్నవి. చర్మముమీద ఏది పుట్టినను మన పిల్లలు ‘ఎలర్జీ’ యను ఒక్క మాటతో సరిపుచ్చుచున్నారు. ఇది పదునెనిమిది ఖాతాలను చెఱిపి సొమ్మంతయు ఒక్క ఖాతాలో జమకట్టినట్లున్నది. అట్లు వ్రాసిన లెక్క చూచుటకు సులభముగా నుండును గాని, ఎవరి బాకీ యెంతయో తెలియదు.

పదునెనిమిదియని ఊరక చెప్పలేదు. చరకసంహితలో చర్మవ్యాధులను ‘కుష్ఠము’లను పేరున పదునెనిమిదిగా లెక్కించిరి. అందు ఏడు మహాకుష్ఠములు, పదునొకండు క్షుద్రకుష్ఠములు. ఈ పేర్లు పెట్టిన విధము మిక్కిలి ముచ్చటైనది. కుండపెంకువలె నల్లబాఱి గరుకుగా నున్నది కపాలము. మేడిపండువలె నున్నది ఉదుంబరము. మనుబోతు నాలుకవలె గరుకైనది ఋష్యజిహ్వము. తామరరేకువలె నున్నది పుండరీకము. గురివిందగింజ వన్నె కలది కాకణకము. ఆ ఋషులు వ్యాధికి పేరు వెదకుటకు ఆకాశమువంక చూడలేదు; పెరటిలోనికి, పొలములోనికి, అడవిలోనికి చూచిరి. చదువురాని వానికిగూడ గుర్తుండవలెనని వారి తలంపు కాబోలును.

మన తెలుగువారు చేసినదియు అదియే. తామరను చూడుడు. అంచు గుండ్రముగా ఎఱ్ఱగా నుండి, నడుమ మానినట్లు కనబడుచు, నానాటికి చుట్టును విస్తరించును. చెఱువులో తామర యల్లుకొనుటను చూచినవాడు ఆ పేరును మఱువలేడు. ‘తామరతంపర’ యను పలుకుబడి మనకు ఉండనే యున్నది. సంస్కృతమున దీనికి దద్రువని పేరు. మన చేలగట్ల వానకాలమున మొలచు తంటెమును మీరెల్లరు ఎఱుగుదురు. లేతాకును కూరగా వండుకొందుము. దానికి సంస్కృతమున ‘దద్రుఘ్నము’, అనగా తామరను చంపునదియని పేరు. మందు పేరులోనే రోగము పేరును దాచియుంచిరి. తంటెపు గింజలను పుల్లమజ్జిగతో నూఱి పూయుట మా తండ్రిగారి పుస్తకమున నున్నది. మెట్టతామరయను చెట్టు ఆకునుగూడ ఇట్లే వాడుదురు. ఈ రెంటియందును తామరకు విరుద్ధముగా పనిచేయు పదార్థములున్నవని రసాయన శాస్త్రజ్ఞులును చెప్పిరి. తామర యొక విధమైన బూజు. చెమటయందు, తడిబట్టలయందు పెరుగును. కావున ఆకు పూసినను, అంగడి మందు పూసినను, ఒడలు ఆఱబెట్టుకొనక, ఉతికి ఎండబెట్టిన బట్ట కట్టక ఫలములేదు.

ఇచ్చట ఒక హెచ్చరిక. నేడు తామర మన దేశమున మొండివ్యాధియై కూర్చున్నది. దానికొక కారణము మనమే. అంగడికిపోయి “దురదకు ట్యూబు” అని అడిగి తెచ్చుకొను పూతలలో చాలవానియందు స్టెరాయిడు కలిసియుండును. పూసిన రెండుదినములకే దురద పోవును, ఎఱుపు పోవును; రోగము మాత్రము లోలోపల విస్తరించును. ఈ జాతి పూతలు పలువానిని వైద్యుని చీటిలేక అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వము నియమము చేసినది. పచ్చిమందును గ్రుడ్డిగా వాడుట యెంత తప్పో, పట్టణపు మందును గ్రుడ్డిగా వాడుటయు అంతే తప్పు.

చిడుమును గూర్చి చెప్పెదను. చిడుమునకును సాధారణపు గజ్జికిని మన పెద్దలు భేదము తెలిసినవారు. వ్రేళ్ళ సందులయందు, మణికట్టునందు, నడుముచుట్టును సన్నని పొక్కులు లేచి, రాత్రివేళ నిదురపట్టనీయని దురద కలిగినచో అది చిడుము. దీనికి కారణము కంటికి కనబడీ కనబడని యొక పురుగు. ఆడుపురుగు చర్మములో సొరంగము త్రవ్వి గ్రుడ్లు పెట్టును. 1687లో ఇటలీ దేశపు బొనోమో యను వైద్యుడు సూక్ష్మదర్శినితో చూచి ఈ సంగతి వ్రాసెను. గంధకమును కొబ్బరినూనెలోగాని కానుగనూనెలోగాని కలిపి పూయుట మనవారి మందు. ఇది వట్టి నమ్మకము కాదు. గంధకపు పూతను నేటి వైద్యులును చిడుమునకు పనికివచ్చు మందులలో నొకటిగా నంగీకరించుచున్నారు. కాని మన యిండ్లలో జరుగు పొరపాటొకటి యున్నది. దురద యున్నవానికి మాత్రమే పూసి తక్కినవారిని వదలుదుము. చిడుము ఒక మనిషి రోగము కాదు, ఒక ఇంటి రోగము. ఇంటిల్లిపాదియు ఒకే దినమున మందు పూసికొని, పక్కబట్టలను వేడినీట ఉతికి ఎండ వేసిననే అది పోవును.

సర్పి పేరు వినగానే భయము కలుగును. నడుమునకు ఒకవైపున మంటతోకూడిన పొక్కులు పామువలె ప్రాకును. పాము తోక తలను కలిసినచో, అనగా ఆ పట్టీ నడుముచుట్టును మూసికొన్నచో, మనిషి బ్రదుకడని మన పల్లెలలో నమ్మిక. పేరు ఎంత చక్కగా నున్నదో ఈ భయము అంత వట్టిది. చిన్ననాడు ఆటలమ్మ పోసినప్పటి సూక్ష్మక్రిమియే నరము మొదటిలో దాగి, వయసు మీఱినపుడుగాని బలము తగ్గినపుడుగాని మేలుకొని ఆ నరము వెంట పైకి వచ్చును. నరము ఒక ప్రక్కకే పోవును గనుక పొక్కులును సాధారణముగా నడుమ గీతను దాటవు. చుట్టుకొనకపోవుటకు కారణము మంత్రము కాదు, శరీరనిర్మాణము. ఎఱ్ఱమన్ను పూసినను పూయకున్నను పొక్కులు కొన్ని వారములకు మానును. కాని ఆ తరువాతి నొప్పి కొందఱిని నెలలతరబడి బాధించును. పొక్కులు పొడచూపిన మూడు దినముల లోపల వైద్యుని చేరినచో మందు బాగుగా పనిచేయును. కంటి దాపున వచ్చినచో ఒక్క పూటయు ఆగరాదు.

పేనుకొఱుకుడునకు పేనుతో సంబంధములేదు. తలమీదగాని గడ్డముమీదగాని రూపాయి బిళ్ళయంత మేర వెండ్రుకలు రాలి నున్ననగును. శరీరమునందలి రక్షణశక్తియే పొరపడి వెండ్రుకల మొదళ్ళపైబడుటచే ఇది కలుగునని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. దీనికి గురివిందగింజను అరగదీసి రుద్దుదురు. అమ్మలారా, ఈ సంగతి గుర్తుంచుకొనుడు: గురివిందగింజ విషము. పెంకు పగులక మ్రింగినచో బయటపడవచ్చును గాని, నూఱినది నోటబడిననో, చిన్నపిల్లలు నమలిననో ప్రాణాపాయము. ఇట్టిదే నల్లజీడి. చాకలివారు బట్టలకు చెఱగని గుర్తుపెట్టుటకు దాని రసము వాడువారు. బట్టమీద చెఱగనిది చర్మమును విడుచునా? పొక్కులెక్కి పుండగును. శుద్ధిచేయు విధానమెఱిగిన వైద్యునకే గాని మనవంటివారికి దానిని తాకు అధికారము లేదు.

గోరుచుట్టును గూర్చి వేఱుగ చెప్పనక్కఱలేదు. “గోరుచుట్టుపై రోకటిపోటు” అను సామెతను అనుభవించని రైతు లేడు. నిమ్మకాయకు రంధ్రము చేసి వ్రేలికి తొడుగుట మనమెల్లరము చేసినదే. ఆ చల్లదనమునకు కొంత ఉపశమనము కలుగును. కాని చీము పట్టి, ఎఱుపు చేతిమీదికి ప్రాకి, జ్వరము వచ్చినపుడు నిమ్మకాయను నమ్మి కూర్చుండరాదు. మధుమేహమున్నవారు ఏ కురుపునైనను చిన్నదని తలపరాదు. వీపుమీద పెక్కు నోళ్ళతో లేచు కురుపును పెద్దలు రాచకురుపనిరి. అది సామాన్యులను విడిచి రాజులనే పట్టుకొనునని కాదు. కురుపులలో అది రాజు.

మందులన్నియు ప్రాచీనములే యనుకొనుటయు పొరపాటు. పొలములో కొడవలి తెగినపుడు మనము పసరు పిండుకొను గాయపాకు, అనగా గడ్డిచేమంతి, అమెరికాఖండమునుండి వచ్చిన మొక్క. చరకుడు దానిని చూడలేదు. మన తాతలు చూచిరి, పరీక్షించిరి, పేరుపెట్టిరి. విద్య ఆగిపోయినది కాదు. అది మన గట్లమీద నిన్న మొన్నటివఱకు పెరుగుచునే యున్నది.

ఇక రెండు వ్యాధులను గూర్చి. ఇవి మా తండ్రిగారి పుస్తకమున నున్నవి, నేడు మన ఊర లేవు. ఒకటి నారికురుపు. కాలిమీద బొబ్బ లేచి, పగిలి, దానినుండి దారమువంటి పొడవైన పురుగు వెలువడును. ఒక్కసారి లాగినచో తెగిపోయి కాలంతయు చీముపట్టును. అందువలన పుల్లకు చుట్టుచు దినమునకు కొంచెము కొంచెముగా లాగెడివారు. దీనికి ఆకుమందులు ఎన్నో వ్రాసియున్నవి. కాని ఈ వ్యాధి ఆకుతో పోలేదు, సూదితోను పోలేదు. మెట్లుదిగి కాళ్ళు మునుగునట్లు నీరు ముంచుకొను దిగుడుబావుల నీటిలో ఈ పురుగుపిల్లలు చిన్న నీటిపురుగులలో చేరి మన కడుపులోనికి వచ్చునని తెలిసికొని, నీటిని గుడ్డతో వడగట్టి త్రాగుటచేతను, దిగుడుబావులను మాని బోరింగులను త్రవ్వుటచేతను పోయినది. మన దేశమున కడపటి రోగి 1996లో కనబడెను. 2000లో దేశము ఈ వ్యాధినుండి విముక్తమైనదని ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించినది. రోగము పేరు మిగిలినది, రోగము లేదు. ఒక పేరునకు ఇంతకంటె మంచిగతి యేమున్నది?

రెండవది అమ్మవారు. మన ఊరి పేరులో గుండ్లున్నవి, పోచమ్మయున్నది. మశూచికమును మనవారు రోగమనలేదు. “అమ్మ పోసినది” అనిరి. గుమ్మమునకు వేపమండలు కట్టిరి, పసుపునీరు చల్లిరి, పరులను లోపలికి రానీయరైరి. ఇందు భక్తి యెంతయున్నదో బుద్ధియు అంతయున్నది: వేపమండ కనబడిన యింటికి పొరుగువాడు పోడు, అంటు తగ్గును. కాని ప్రాణములు నిలిపినది టీకా. మన దేశమున మశూచికము 1975లో కడసారి కనబడెను. 1980లో భూమండలమంతట లేదని ప్రకటించిరి. నేడు మనము పోచమ్మకు బోనమెత్తునపుడు భయముతో కాదు, కృతజ్ఞతతో నెత్తుచున్నాము. అది మంచి మార్పు.

ఇంతవఱకు చెప్పినది పుస్తకములలోనిది. ఇకమీద చెప్పబోవునది నా యింటిది, నా మనస్సులోనిది.

మా తండ్రిగారి పుస్తకమున బొల్లి యను మాట యెదుట బావంచాలు అని వ్రాసియున్నది. దానిక్రింద, పహాణీలో తప్పు పద్దును గుర్తించునపుడు గీయునట్లు, రెండు గీతలతో “ఇది కుష్ఠు గాదు” అని యున్నది. ఆ గీతలు ఎవరికొఱకు గీసెనో నాకు తెలియును. మా మేనత్తకు మెడమీద తెల్లపొడ యుండెడిది. ఆమెను చూడవచ్చినవారు తెల్లకుష్ఠని గొణుగుకొని వెడలిపోయిరి. ఆమెకు పెండ్లి కాలేదు. మా యింటనే ఉండి మమ్ము పెంచినది. పండుగకు వచ్చిన చుట్టములలో కొందఱు ఆమె చేతి మంచినీరు త్రాగక, దప్పిక లేదని చెప్పుటను నేను చిన్ననాడు చూచితిని. ఆమెకు ఆ దప్పిక సంగతి తెలియును. అయినను ప్రతియేడు చెంబు కడిగి నీరు తెచ్చి ముందు పెట్టెడిది.

బొల్లి అంటువ్యాధి కాదు. తాకిన రాదు, కలిసి భుజించిన రాదు. చర్మమునకు వన్నెనిచ్చు కణములు కొన్నిచోట్ల నశించుటయే బొల్లి. చరకుడు దీనిని శ్విత్రమని పదునెనిమిదింటికి వెలుపల నుంచెను. సుశ్రుతుడును ఇది చర్మమునకే పరిమితమైనదనియు, స్రావము లేనిదనియు కుష్ఠమునుండి వేఱుపఱచెను. కలిపినవారము మనము. కుష్ఠమను మాట ప్రాచీన గ్రంథములలో చర్మవ్యాధులన్నింటికి పెద్దపేరు. తరువాత వాడుకలో ఒక్క వ్యాధికి పేరయ్యెను. ‘తెల్ల’ యను విశేషణము చేర్చి ఆ నిందను బొల్లికిగూడ పంచిపెట్టితిమి. బావంచాలలోని సొరాలెన్ అను పదార్థము ఎండతో కలిసి చర్మమునకు వన్నె రప్పించును. 1940ల చివర ఈజిప్టు దేశపు వైద్యుడు ఎల్ మొఫ్తీ మఱియొక మొక్కనుండి తీసిన ఇట్టి పదార్థముతోనే బొల్లికి చికిత్స చేసెను. కాని కొలత తప్పి పూసి ఎండలో కూర్చున్నచో ఒడలు కాలి బొబ్బలెక్కును. ఇదియు వైద్యుని యెదుట జరుగవలసిన పనియే.

భారతమున ఉద్యోగపర్వమందు దేవాపి కథ చదివినపుడెల్ల నాకు మా మేనత్త జ్ఞప్తికి వచ్చును. ప్రతీపమహారాజునకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు దేవాపి ధర్మపరుడు, సత్యవాది, ప్రజలకు ప్రియుడు. కాని చర్మదోషము కలవాడు. తండ్రి పట్టాభిషేకమునకు సమకట్టగా పెద్దలు వచ్చి వలదనిరి. రాజు కన్నీరు పెట్టుకొనెను. దేవాపి అడవికి పోయెను. రాజ్యము శంతనునకు వచ్చినది. ఒక్క మచ్చకు ఎంత వెల కట్టిరో చూడుడు.

అయితే “ఇది కుష్ఠు గాదు” అని ఊరట పొందుటతో మన పని తీఱలేదు. కుష్ఠే యైనయెడల మనిషి మనిషి కాకపోవునా? ఈ పాఠమును నేను ఏ గ్రంథమునను నేర్చుకొనలేదు. మా వాడలోని ఒకని చేతి వ్రేలివలన నేర్చుకొంటిని. ఈ సంగతిని ఈ సభలో చెప్పుటకు ఆయన నాకు అనుమతి యిచ్చినాడు. పేరు మాత్రము చెప్పవద్దన్నాడు.

ఇరువది యేండ్ల క్రిందటి మాట. ఆయన రాళ్ళు కొట్టుకొని బ్రదుకువాడు. ఒకనాటి సాయంకాలము ఈ గ్రంథాలయపు అరుగుమీదికి వచ్చి, ముంజేతిమీద ఒక తెల్లని పొడను చూపి “పంతులూ, ఇదేందో నీ పుస్తకంల సూడు” అని అడిగినాడు. నాకు అప్పటికి చరకము క్రొత్తగా చదువుచున్న ఉత్సాహము. పుట తీసి చూచితిని. సిధ్మము, అనగా మన శోభి: తెలుపు, రాగివన్నె కలిసియుండును, పలుచనైనది, సొరపువ్వువంటిది. సరిపోయినదని తలచితిని. దురద కలదాయని అడుగగా లేదన్నాడు. లేకున్న మఱియు మంచిదంటిని. ముల్లంగి గింజలు మజ్జిగతో నూఱి పూయుమని చెప్పి, నలుగురిలో నొక వైద్యుని గౌరవము పొంది ఇంటికి పోయితిని.

ఏడాదిన్నర గడచినది. ఆయన శ్రద్ధగా పూయుచునే యున్నాడు. ఒకనాడు చుట్ట నిప్పు ముంజేతిమీద పడి చర్మము కాలిన వాసన వచ్చువఱకు ఆయనకు తెలియలేదట. అప్పటికి ఎడమచేతి చిటికెనవ్రేలు వంగనారంభించెను. ఇంటింటికి వచ్చి పరీక్షించు ఆరోగ్యకార్యకర్త ఒకామె ఆయనను కన్నులు మూసికొమ్మని, దూదిపోగుతో ఆ పొడను తాకి, “ఎక్కడ తాకితినో చూపుము” అనెను. ఆయన చూపలేకపోయినాడు. అది శోభి కాదు, కుష్ఠు.

ఆ రాత్రి నేను మఱల చరకము తీసితిని. నేను చదివిన వాక్యములోనే, నేను దాటిపోయిన మాట యొకటి యున్నది: రుద్దినచో సిధ్మమునుండి పొడి రాలును. నేను ఆయన చేతిని రుద్ది చూడలేదు. మఱియొక స్థానమున కుష్ఠపు పూర్వరూపములను చెప్పుచు స్పర్శ తెలియకపోవుటను మొదటనే చెప్పియున్నారు. దానిని నేనప్పటికి చదువలేదు. గ్రంథము అబద్ధమాడలేదు. నేను సగము చదివి, నిండుగా చదివినవానివలె మాటాడితిని. నా వృత్తిలో ఒక పద్దు తప్పు ఖాతాలో పడినచో సంవత్సరాంతమున వెదకి దిద్దవచ్చును. ఆ వ్రేలిని ఎవరు దిద్దగలరు?

ఆయన ఉచితముగా నిచ్చు బహుళౌషధ చికిత్సను పండ్రెండు నెలలు తప్పక వాడినాడు. రోగము పూర్తిగా కుదిరినది. వ్రేలు మాత్రము వంగియే యున్నది. ఒకనాడు నేను క్షమింపుమని అడుగగా, “పొడ పోయింది పంతులూ, ఏలు రాలే. నువ్వు జెప్పిందే జేసిన గద” అని నవ్వినాడు. ఆ నవ్వును నేను భరింపలేకపోతిని.

ఈ వ్యాధిని గూర్చి మన ప్రాంతమునకు గర్వకారణమైన చరిత్ర యొకటి కలదు. మన ఊరి స్టేషనుమీదుగా ఉత్తరమునకు పోవు ఇనుపదారి నిజామాబాదు చేరుటకు ముందు డిచ్‌పల్లి మీదుగా పోవును. అచ్చట 1915లో ఇసబెల్ కెర్ అను స్కాట్లండు వైద్యురాలును ఆమె భర్తయు కుష్ఠురోగులకొఱకు ఆసుపత్రి నెలకొల్పిరి. ఎవరును దరికి రానీయని వారిని చేరదీసి, చాల్‌మూగ్రా జాతి గింజల నూనెతో చికిత్స చేసిరి. ఆ నూనెగింజ పరాయిది కాదు. సుశ్రుతుడు కుష్ఠమునకు చెప్పిన తువరకము ఆ జాతి చెట్టే. మన దేశపు చెట్టుమందు అట్లు ఆధునిక ఆసుపత్రిలో సూదిమందైనది. అది కొందఱికి మేలుచేసినను, నిశ్చయముగా కుదుర్చు మందు కాలేదు. తరువాత 1940లలో డాప్సోను, 1982 నుండి మూడు మందులను కలిపి యిచ్చు చికిత్స వచ్చినవి. నూనె తన కాలమున తన పని చేసి, తనకంటె మంచి మందునకు చోటిచ్చి తప్పుకొన్నది. ఆకుమందును గౌరవించుట యనగా ఇదియే. దానికి గల మేరను తెలిసికొనుటయు గౌరవమే.

కుష్ఠు నేడు ఆఱునెలలకో పండ్రెండు నెలలకో కుదురు వ్యాధి. మందు మొదలిడిన కొలది దినములకే అంటు పోవును. రోగులను ఊరికి వెలియుంచుటకు 1898లో చేసిన చట్టమునుగూడ 2016లో పార్లమెంటు రద్దుచేసినది. చట్టపుస్తకమునుండి పోయినది మన నాలుకలనుండియు పోవలెను. ఈ వ్యాధిని తిట్టుగా వాడువారు మనలో నింకను ఉన్నారు. ఆ తిట్టునకు వెఱచియే రోగి పొడను పొడుగుచేతుల చొక్కాలో దాచికొనును; దాచినకొలది వ్రేళ్ళు పోవును.

సోదరులారా, మన ఊరు 2018లో పురపాలకమైనది. గట్లు పోయి మేడలు లేచుచున్నవి. తంటెము, ఉత్తరేణి, గాయపాకు మొలచు చోటులు తగ్గుచున్నవి. వానితోపాటు పేర్లును పోవుచున్నవి. కావున ఈ రజతోత్సవమునాడు నాదొక ప్రార్థన. గ్రంథాలయమున ఒక పుస్తకము తెఱచియుంచుదము. దానికి గీతలు గీయుట నాకు వచ్చిన పనియే. మొదటి గడిలో వ్యాధి పేరు, మన వాడల యాసలో ఎట్లు పలుకుదురో అట్లే. రెండవ గడిలో దాని గుర్తు. మూడవ గడిలో పెద్దలు వాడిన మందు. మా తండ్రిగారి పుస్తకమున ఈ మూడే యున్నవి. నాలుగవ గడిని నేను చేర్చుచున్నాను: హెచ్చరిక. ఏ మందు విషమో, ఏ గుర్తు కనబడిన ఆకును వదలి ఆసుపత్రికి పోవలెనో అందు వ్రాయుదము. అవ్వలారా, మీరు చెప్పుడు. చదువుకొన్న పిల్లలు వ్రాయుదురు. వ్రాసినదానిని ఆరోగ్యకేంద్రపు వైద్యులకు చూపి సరిచూపించుదము.

ఆ పుస్తకమున మొదటి పద్దును నేను నిన్నరాత్రియే వ్రాసితిని. దానిని చదివి సెలవు తీసికొందును.

“పేరు: శోభి. గుర్తు: పలుచని తెల్లని పొడ, గోటితో గీకిన సన్నని పొట్టు రాలును. మందు: ముల్లంగి గింజలు మజ్జిగతో నూఱి పూయుట. హెచ్చరిక: కన్నులు మూయించి దూదితో తాకి చూడుము. పొట్టు రాలకున్నను, స్పర్శ తెలియకున్నను, ఆ దినమే ఆసుపత్రికి తోడుకొనిపొమ్ము. నీవును వెంటపొమ్ము.”